ఉతికిన అంగి

"ఎవలు చెప్పిన్రే నీకు, దాన్ని ఉతుకుమని?"

ప్రణయ్ అరుపు పక్క క్వార్టరు దాకా వినిపించింది. పెరట్లో దండెం మీద నీలం చొక్కా ఒకటి నీళ్లు కారుస్తూ వేలాడుతోంది. దాని కింద తడి గచ్చు మీద ప్రణయ్ గొంతుక్కూర్చున్నాడు. వేసుకున్న బ్యాగీ ప్యాంటు అంచులు నీళ్లలో నానుతున్నా పట్టించుకోవడం లేదు. మామూలు రోజుల్లో ఆ ప్యాంటు మీద ఈగ వాలినా సహించని మనిషి.

నర్సమ్మ చేతిలో బట్టల బ్రష్షు ఇంకా అలాగే ఉంది.

"ఒకలు చెప్పాల్నారా నాకు? ముప్పయి ఏండ్లాయె మీ నాయిన బొగ్గుబాయి బట్టలు ఉతుకవట్టి. మసి అంటిన అంగి కండ్లవడితె నా చెయ్యి ఊకుంటదా? ఉడుకు నీళ్లల్ల సోడా ఏసి నానవెట్టిన. బండకేసి రుద్దిన. గిప్పుడు సూడు, కొత్త అంగి తీర్గ లేదా?"

"కొత్తగ అయ్యుడే కదనే కొంప ముంచింది! రేపు హైదరాబాదుల ఏం ముఖం పెట్టుకోని నిలవడాలె నేను?"

నర్సమ్మకు అర్థం కాలేదు. భూపాలపల్లి గని క్వార్టర్లలో కాపురానికి వచ్చిన నాటి నుంచి మసి వదలగొట్టడమే ఆమె విద్య. ఏ గనికార్మికుడి భార్య ఉతుకు ఎంత తెలుపో దండేల మీద చూసి మార్కులు వేసుకునే ఆడవాళ్లలో ఆమెది ఎప్పుడూ మొదటి స్థానమే. ఉతికినందుకు కొడుకు ఏడవడం ఆమె ఇదే మొదటిసారి చూడటం.

గుమ్మంలో నిలబడి చాయ్ తాగుతున్నాడు పెద్దకొడుకు యుగేందర్. మొహంలో ఏ మార్పూ లేదు. లోపల మాత్రం చాయ్‌కి మించిన వెచ్చదనం ఒకటి పాకుతోంది.

ఆ చొక్కాను ప్రణయ్ సంచిలోంచి తీసి, తన మాసిన బట్టల మధ్యలో దోపి, తల్లి ఉతికే కుప్పలో పడేసింది అతనే. నిన్న పొద్దున, తమ్ముడు స్నానానికి వెళ్లిన సమయంలో. పేపర్లో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టుకున్నాడు ప్రణయ్. కవరు లాగేసి, మడత కూడా విప్పకుండా కుప్పలో కలిపేశాడు యుగేందర్. తర్వాత డ్యూటీకి వెళ్లి రోజంతా ఈల వేస్తూ పని చేశాడు.

"అత్తకు తెల్వదు కదా ప్రణయ్," అంది కల్యాణి వంటింటి కిటికీలోంచి. యుగేందర్ భార్య. పెళ్లయి ఏడాదిన్నర. "జర నిమ్మలంగ మాట్లాడు."

ఆ ఒక్క మాటతో యుగేందర్ చాయ్ చల్లారిపోయింది. ఆ గొంతులో తమ్ముడి మీద అంత జాలి ఏమిటి?

నాలుగు నెలలుగా అతనికి ఇదే మంట.

అంతకు ముందు ప్రణయ్ డిగ్రీ తప్పి, కూడలిలో మొబైల్ షాపు ముందు కూర్చునే కుర్రాడు. అందరిలాగే ఇద్దరు మనుషులు పట్టే టీషర్టులు, గచ్చు ఊడ్చే ప్యాంట్లు, పడవల్లాంటి తెల్ల స్నీకర్లు. బొగ్గు ఊళ్లో తెల్ల స్నీకర్లు! గంటకోసారి పాత టూత్‌బ్రష్షుతో వాటిని తోముకునేవాడు. క్వార్టర్లలో పిల్లలందరిదీ అదే వరస. సిటీలో ఎవడో జారిపోయే ప్యాంటు వేస్తే మూడో రోజుకు పక్కనున్న టేకుమట్లలో కూడా నడుములు జారుతున్నాయి.

ఒకరోజు ప్రణయ్ ఆ బ్యాగీ ప్యాంటు మీద మసి పట్టిన నీలం పని చొక్కా తొడిగాడు. గుండీలు వదిలేసి, చేతులు మడిచి, మెడలో గొలుసు వేసి బొగ్గు లారీల మధ్య నడుస్తూ రీలు తీశాడు. "మా నాయిన అంగి. ముప్పయి ఏండ్ల బొగ్గు" అని కింద రాశాడు. అంతే, ఫోను ఆగలేదు.

మొన్న జనగామ నుంచి ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చి మరీ ప్రణయ్‌తో ఫోటో దిగి వెళ్లారు. రేపు ఆదివారం హైదరాబాదులో ఒక బట్టల కొట్టువాళ్లు రోడ్డు మీదే ఫ్యాషన్ షో పెట్టి, ప్రణయ్‌ని ఆ చొక్కాతో నడవమన్నారు. పోస్టరు మీద అతని బొమ్మే వేశారు. నచ్చితే పనిలో కూడా పెట్టుకుంటామని మాట ఇచ్చారు.

యుగేందర్‌ది బొగ్గు యార్డులో కాంట్రాక్టు పని. నడిచే బెల్టు కింద రాలిన బొగ్గును తట్టకెత్తి, భుజాన మోసి కుప్పలో పోయాలి. రోజూ కళ్లూ పళ్లూ తప్ప అన్నీ నల్లగా చేసుకుని ఇంటికొస్తాడు. అతన్ని చూసి దారిలో పిల్లలు పక్కకు జరుగుతారు, బట్టలకు అంటుతుందని. ఇప్పుడు ఆ పిల్లలే "ప్రణయన్న వాళ్ల అన్న" అని చూపిస్తున్నారు.

వాటన్నిటినీ ఓర్చుకున్నాడేమో కానీ, వంటగదిలో పప్పు ఉడుకుతుండగా కల్యాణి ఫోనులో తమ్ముడి రీలు చూసి నవ్వుకోవడం మాత్రం ఓర్చుకోలేకపోయాడు. ఒకసారి చూస్తే సరే. మళ్లీ వెనక్కి జరిపి చూసింది. అతను గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాడు. ఐదుసార్లు.

తొర్రూరులో ఆమె అన్న సురేశ్‌ది రెడీమేడ్ కొట్టు. బట్ట ముట్టుకుని దాని గుణం చెప్పగల పిల్ల. పోయిన నెల పుట్టింటికి వెళ్లి, మొగుడి కోసం ఆకుపచ్చ కార్గో ప్యాంటు తెచ్చింది, ఆరు జేబులది. "నా వయసుకు గివేం ఏషాలు" అని మంచం మీదకు విసిరేశాడు యుగేందర్. అతని వయసు ఇరవై తొమ్మిది. మూడో రోజు ఆ ప్యాంటు ప్రణయ్ ఒంటి మీద కనిపించింది. తానే విసిరేశాడు, తానే ఆ రాత్రి అన్నం మానేశాడు. ఎవరికి చెప్పుకుంటాడు?

"ఏడుస్తె అంగికి మసి అంటదు గని," అంది నర్సమ్మ బ్రష్షు పక్కన పెట్టి. "లె. ఇంటెనక బొగ్గు లేదా? నూరి రుద్దుత. ఎక్కడెక్కడ ఉండెనో చెప్పు, గక్కన్నే పెడత."

"ముగ్గు అనుకుంటున్నవా? అందరు ఫోన్లు వట్టుకోని జూస్తరు. డూప్లికేట్ అని ఇజ్జత్ దీస్తరు."

"మరేం జేద్దామంటవ్?"

ప్రణయ్ తలెత్తి గుమ్మం వైపు చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అన్నా, నీ అంగి ఒకటియ్యి. రేపటికే. నిన్న డ్యూటీకి ఏసుకున్నది."

యుగేందర్ గ్లాసు కింద పెట్టాడు. ఈ మాట కోసమే నాలుగు నెలలుగా కాచుకుని ఉన్నట్టు అనిపించింది అతనికి.

"ఎందుకియ్యాలె?"

"ఏందన్నా గట్లంటవ్…"

"మసి నాది, సోకు నీదా? నేను తట్ట మోసుకోని వస్తె మంచం మీద కూసోనియ్యరు. నువ్వు గదే మసి పూసుకోని బజార్ల తిరిగితె చప్పట్లు గొడ్తరు. గా మసి ఎట్ల వడతదో తెల్సారా నీకు? ఒక్క తట్ట ఎత్తినవా ఎన్నడన్న?"

"ఎత్తలేదన్నా. ఎత్తిన్నని నేనెన్నడు చెప్పలే. మా నాయిన అంగి అనే చెప్పిన."

"ఔ, నాయిన! ముప్పయి ఏండ్లు నాయిన మోసిండు, గిప్పుడు నువ్వు అమ్ముకుంటున్నవ్. నడుమ నేనెవన్ని?"

"చాలు తియ్యుండ్రి," అన్నాడు లోపలి నుంచి ఆగయ్య.

తండ్రి నోటి నుంచి రోజుకు పది మాటలు రావు. మోకాలు వాచి మూడు రోజులుగా సెలవులో ఉన్నాడు. గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. దండెం మీది చొక్కాను కాసేపు చూశాడు.

"నా అంగి అంటున్నరు అందరు. నేనైతె ఒక్కసారి సూడలే గా బొమ్మ. ఏది, జూపియ్యి."

ప్రణయ్ ఫోను తీసి పోస్టరు పెద్దది చేసి ఇచ్చాడు. ఆగయ్య జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఫోనును దూరంగా పట్టాడు, దగ్గరికి తెచ్చాడు. బొమ్మలో ప్రణయ్ వీపు తిప్పి, మెడ వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. కుడి భుజం నుంచి వీపు మీదుగా నడుము దాకా నల్లటి మసి పట్టీ.

"గిది నాది గాదు," అన్నాడు ఆగయ్య.

"నీదే నాయినా. నీ నీలం అంగి."

"అంగి నాదే. మసి నాది గాదు." ముసలాయన ఫోను మీద వేలు పెట్టాడు. బొమ్మ కదిలిపోయింది. ప్రణయ్ మళ్లీ సరిచేశాడు. "తట్ట కుడి భుజం మీద మోస్తె గిట్ల వడతది మసి. నేను ఎడమ భుజంతోని మోసినోన్ని. చిన్నప్పుడు ఎడ్లబండి మీదికెల్లి వడి కుడి జబ్బ ఇరిగింది. ఎన్నడు దాని మీద బరువు వెట్టలే. బాయిల అందరు ఎడమోడు ఎడమోడు అని పిలుస్తుండిరి. మీ అవ్వనడుగు."

నర్సమ్మ తల ఊపింది.

"అదిగాక నేను ల్యాంపు రూముల కూసోవట్టి ఆరేండ్లాయె. పోరగాండ్లకు లైట్లు ఇచ్చుడు, తీసుకునుడు. నాకు మసి ఎక్కడిది?"

నల్లా కింద బకెట్టు నిండి పొంగుతోంది. ఎవరూ కట్టేయలేదు.

కంపెనీ ఇచ్చే పని చొక్కాలు పర్మినెంటు వాళ్లకే. ల్యాంపు రూముకు మారాక ఆగయ్య చొక్కాలు మాసేవి కావు. అవి ఒక్కొక్కటే పెద్దకొడుక్కి చేరాయి. కాంట్రాక్టు వాడికి కంపెనీ బట్ట ఇవ్వదు, తండ్రి ఇచ్చాడు. నాలుగైదు ఉన్నాయి యుగేందర్ దగ్గర. ఒకటి తగ్గితే చినిగి మసిగుడ్డ అయిందనుకున్నాడు.

నర్సమ్మ పెద్దకొడుకు దగ్గరికి నడిచింది. అతని కుడి భుజం మీద చెయ్యి వేసింది. అక్కడ కాయ కాసి ఉంటుందని ఆమెకు తెలుసు, కొబ్బరినూనె రాసేది తనే. "అయ్యో కొడుకా, నీదేనా," అంది.

నాలుగు నెలలు యుగేందర్ ఆ చొక్కాను ద్వేషించాడు. తండ్రికి ఒక పేరు ఉందని, తమ్ముడికి ఒక రూపు ఉందని, తనకు ఏదీ లేదని కుళ్లిపోయాడు. ఇప్పుడు చూస్తే ఆ ఊళ్లూ ఈ ఊళ్లూ చూసి మెచ్చింది తన వీపునే. తెలిసి సంతోషం రావాలి కదా! రాలేదు. ఇంకా పెద్ద మంట లేచింది.

"మరి నాది అని ఎందుకు చెప్పలేదురా?"

ప్రణయ్ తండ్రి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"నిన్నే అడుగుతున్న."

"చెప్తె ఎవలు సూస్తరన్నా?" అన్నాడు ప్రణయ్ చివరికి. "నాయినదంటె బాయిల దిగినోడు, ముప్పయి ఏండ్ల సర్వీసు, దాంట్ల ఒక కథ ఉన్నది. అన్న కాంట్రాక్టు లేబర్, నిన్నటి మసి అంటె… ఊర్లె సగం మంది గదే కదా."

ఆ మాట అనేశాక తన నోరు తనే కొట్టుకోవాలనిపించి ఉంటుంది వాడికి. ఆగయ్య అద్దాలు తీసి మడిచాడు.

యుగేందర్ రెండడుగులు ముందుకు వేశాడు. "నా అంగి నీకెట్ల వచ్చింది? నేను లేనప్పుడు నా రూముల సొచ్చినవా?"

ప్రణయ్ కిటికీ వైపు చూశాడు. ఒక్క క్షణమే చూశాడు. ఆ క్షణం చాలు.

"నేనే ఇచ్చిన," అంది కల్యాణి.

*

గది తలుపు యుగేందర్ వేశాడు. క్వార్టరు గదులకు తలుపులు వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే. గోడ అవతల దగ్గితే ఇవతల నీళ్లిస్తారు.

"ఎప్పుడిచ్చినవ్?"

"శివరాత్రి ముందల."

"నన్నడిగినవా?"

"నిన్ను అడగాల్సింది అంతకు ముందే అడిగిన. నీకు యాదికి లేదు." కల్యాణి మంచం పట్టె మీద కూర్చుంది. గొంతు పెంచలేదు. "ఓరోజు ఫస్టు షిఫ్టు దిగి వచ్చినవ్. పెరట్ల చెప్పులిడుస్తున్నవ్. ఎండ పక్కకెల్లి వడ్తున్నది. వీపు మీద గా మసి నిగనిగ మెరుస్తున్నది. గట్లనే నిలవడు, ఒక ఫోటో దీస్త, మస్తున్నవ్ అన్న. నువ్వేమన్నవ్?"

యుగేందర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

"మసి బట్టలల్ల ఫోటో ఏందే, నన్ను బజార్ల నవ్వులపాలు జేస్తవా, అన్నవ్. ఫోను గుంజుకోని మంచం మీదికి ఇసిరినవ్. నేను గా అంగిని అత్తకు ఉతకనియ్యలే. నా బట్టల కింద దాసిపెట్టుకున్న. ఎందుకో నాకే తెల్వదు. మా అన్న కొట్టుల వేల అంగీలు చూసిన. అసొంటిది చూడలే."

"దాసిపెట్టుకున్నదానివి వానికెందుకిచ్చినవ్?"

"ప్రణయ్ చూసిండు. వదినా ఇదెవలిది, గింత మంచిగున్నది, నాకిస్తవా అన్నడు. ఇచ్చిన. దాంట్ల ఏమున్నదో ఆయిన చూసిండు. నువ్వు చూడలే."

ఆఖరి మాట అతని గుండెల్లో గుచ్చుకుంది. ఆమె చెప్పినదాంట్లో తన మీద ప్రేమే ఉంది. వినే చెవులు ఉంటే వినబడేది. కానీ అసూయ పట్టిన మనిషికి రెండు మాటల్లో ఒకటే వినబడుతుంది, ఎప్పుడూ కుళ్లిన మాటే.

"ఔ, ఆయినే చూసిండు. నువ్వు గూడ ఆయిన్నే చూస్తున్నవ్. పప్పు మాడినా కండ్లు తిప్పవు."

"ఏం మాట్లాడుతున్నవ్?"

"నీకు నచ్చింది అంగినా?" అన్నాడు యుగేందర్. "వాడా?"

గోడ అవతల నర్సమ్మ ఎవరితోనో గొణుగుతున్న మాట ఆగిపోయింది. స్టూలు కాళ్లు గచ్చు మీద గీసుకున్న చప్పుడు.

కల్యాణి ఏడవలేదు, అరవలేదు. ఆమె ఏదో ఒకటి చేస్తే అతనికి ఊపిరాడేది.

"రీల్ల నేను సూసింది నా మొగని అంగి," అంది మెల్లగా. "నా మొగడు ఫోటో తియ్యనియ్యని అంగి గంత మంచిగున్నదని సూసిన. గా ముచ్చట నీకు ఏదో ఒకనాడు చెప్దామనుకున్న. గిప్పుడు చెప్పినా నువ్వు నమ్మవు."

"కల్యాణీ…"

"నిన్న పొద్దున నువ్వు ఆయిన సంచిలకెల్లి అంగి తీసి మాసిన బట్టలల్ల ఏసుడు నేను సూసిన." ఆమె లేచింది. "అత్త పొద్దటి సంది మాటలు వడుతున్నది. ఇప్పుడు చెప్తడు, ఇప్పుడు చెప్తడు అని ఆగిన. నువ్వు చాయ్ తాగుతున్నవ్."

తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

యుగేందర్ మంచం మీద కూలబడ్డాడు. వెంట వెళ్లి బతిమాలుకోవాలని ఉంది. వెళ్లలేదు. ఆమె చూసింది! తన చేతిలో ఆ కవరుతో, దొంగలాగా. తమ్ముడి కంటే చిన్నవాడిలా. ఊళ్లో ఎవరు ఏమనుకున్నా బతకగలడు కానీ, ఆ కళ్లలో చిన్నబోయి ఎట్లా బతకాలి?

*

పెరట్లో ప్రణయ్ సంచిలోంచి బట్టలన్నీ తీసి బయట పెడుతున్నాడు. వాడు అంతా విన్నాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. వదిన మొహం చూడలేక స్నీకర్ల వైపు చూస్తూ మాట్లాడాడు.

"నేను పోను వదినా. ఫోన్ జేసి చెప్త. పాణం మంచిగ లేదంట."

"పోతవ్," అంది కల్యాణి. "నేను గూడ వస్తున్న. గా అంగి నేనే ఏసుకుంట."

"ఏందీ?" అంది నర్సమ్మ.

"హైదరాబాదుకు ఈయినెంట పోత అత్తా. ఎల్లుండి అటునుంచి అటే తొర్రూరు పోత, మా అన్న దగ్గరికి. మల్ల ఎప్పుడొస్త అనేది…" ఆ మాట పూర్తి చేయలేదు.

నర్సమ్మ మొగుడి వైపు చూసింది. ఆగయ్య అడ్డు చెప్పలేదు, ఊ అనలేదు. కోడలు దండెం మీది చొక్కా తీసి, పిండి, లోపలికి తీసుకువచ్చింది. ఇస్త్రీ పెట్టె వేడి చేసింది. తడి బట్ట మీద ఇస్త్రీ సుయ్యిమంటుంటే ఆవిరి లేచింది. గదిలోంచి యుగేందర్ అది చూస్తూనే ఉన్నాడు. ఆమె ఒక్కసారి కూడా ఇటు తల తిప్పలేదు.

పన్నెండు దాటాక ఆటో వచ్చింది. ఒంటిగంటకు బస్సు.

కల్యాణి గదిలోకి వచ్చి సంచి తీసుకుంది. తెల్ల కుర్తా మీద ఆ నీలం చొక్కా వేసుకుంది. గుండీలు పెట్టుకోలేదు. చేతులు మోచేతుల దాకా మడిచింది. అంచు మోకాళ్లకు ఒక జానెడు పైన ఊగుతోంది. కొట్టు నడిపే ఇంటి పిల్ల కదా, ఏది ఎక్కడ వదలాలో, ఏది ఎక్కడ మడవాలో ఆ వేళ్లకు తెలుసు. హైదరాబాదు షోలో అద్దాల ముందు గంటలు గడిపి వచ్చే పిల్లలు కూడా ఆమెను చూస్తే ఒక్క నిమిషం ఆగుతారు.

తన చొక్కాలో తన భార్య అంత బాగుంటుందని యుగేందర్‌కు తెలియదు. రేపు వందమంది చూస్తారు. ఆ వందమంది మీదా ఇప్పటి నుంచే అసూయ పుట్టింది. సిగ్గు లేని మనసు!

ఆమె వెనకాలే వాకిలి దాకా వచ్చాడు. ప్రణయ్ అప్పటికే ఆటోలో డ్రైవరు పక్కన కూర్చున్నాడు, వదినకు వెనక సీటు మొత్తం వదిలేసి. అంత జాగ్రత్త నిన్నటి దాకా వాడికి అవసరం పడలేదు.

క్వార్టర్ల వాళ్లు ఇద్దరు ముగ్గురు గేట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు.

కల్యాణి ఆటోలో కాలు పెట్టబోయి ఆగింది. వెనక్కి తిరిగింది. గది లోంచి బయటికి వచ్చాక ఇదే మొదటిసారి అతని మొహం చూడటం.

"ఆడ మైకు ఇస్తరంట. అంగి ఎవలదని అడుగుతరు. నా మొగనిదని చెప్త. బొగ్గు యార్డుల కాంట్రాక్టు పని, కుడి భుజంతోని మోస్తడని చెప్త. గది నేను చెప్పగల్గుత." సంచి సీటు మీద పెట్టింది. "మరి మసి ఎటువోయిందని గూడ అడుగుతరు కదా. అప్పుడేం జెప్పాలె?"

యుగేందర్ ఆటో వైపు ఒక అడుగు వేశాడు.

ఆటో గుడగుడమంటోంది. గేటు దగ్గరి మనుషులు ఇటే చూస్తున్నారు. ఆగయ్య కర్ర ఆనించుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను ఉతికిన్నని చెప్పు బిడ్డా," అంది నర్సమ్మ వెనక నుంచి. పొద్దుటి నుంచి సోడా నీళ్లలో నాని ముడతలు పడ్డ చేతులను కొంగుతో తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. "మా అత్తకు తెల్వదు, సదువుకోలే, మసి కనవడంగనే ఉతికేసిందని చెప్పు. నవ్వితె నవ్వుతరు తియ్యి. నన్నే కదా. నాకేమైతది."

కల్యాణి అత్త వైపు చూడలేదు. యుగేందర్‌నే చూస్తోంది.

"అవ్వకు కలిపిచ్చింది నేను," అన్నాడు యుగేందర్.

ఎంత మెల్లగా అన్నాడో, నర్సమ్మకు వినబడలేదు. "ఏందిరా?" అంది చెవి దగ్గరికి తెచ్చి.

"వాని సంచిలకెల్లి తీసి నీ బట్టలల్ల కలిపింది నేనే. కావాల్నని కలిపిన. వాడు పోవద్దని."

ఆటోలో ప్రణయ్ డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, ఇంజను ఆపమన్నాడు.